స్పెయిన్ ప్రభువుల పల్లె భవనాలు, మా ఊరి తొట్టి మిద్దె: బాగుచేత ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: తోతాపురి తోట (కార్వేటినగరం దగ్గర)

సభ్యులందరికీ నమస్కారం. మాది చిత్తూరు జిల్లాలో కార్వేటినగరానికి దగ్గరి పల్లె. మా ముత్తాత కట్టించిన తొట్టి మిద్దె, దాని వెనుక ఉన్న పన్నెండు ఎకరాల మామిడి తోట పెదనాన్న, చిన్నాన్న పిల్లలతో కలిపి మా ఏడుగురికి ఉమ్మడి ఆస్తిగా మిగిలి ఉన్నాయి. ఇల్లు కట్టి నూరేళ్ళు దాటింది. నడుమ వాన నీరు పడే తొట్టి, దాని చుట్టూ రాతి కంబాల మీద నిలిచిన వసారా, తూర్పున పడసాల, పడమర వంటిల్లు, ఉత్తరపు గదిలో ధాన్యం నిల్వ చేసే మనిషి ఎత్తు మట్టి గరిసెలు రెండు, వీధి వైపు ఇద్దరు హాయిగా పడుకోగలిగినంత వెడల్పు అరుగులు ఉన్నాయి. మా అవ్వ ఉన్నంత కాలం ఆ ఇంట్లో పొయ్యి ఆరలేదు. ఆమె పోయిన తరువాత తాళం వేశాము. అప్పటి నుంచి రెండు గదుల పైకప్పు కుంగింది, వంటింటి దూలానికి చెద పట్టింది.

పద్నాలుగేళ్ళ క్రితం గోడలు పెచ్చులూడుతున్నాయని ఒక కాంట్రాక్టరును పిలిచి వీధి గోడకూ ఉత్తరపు గోడకూ సిమెంటు పూత పూయించాము. నాలుగు వానాకాలాలు గడవక ముందే ఆ పూత ఉబ్బిపోయింది. తడితే డొల్ల శబ్దం వస్తుంది. ఊడిన చోట వేలితో గీస్తే తెల్లటి ఉప్పు పొడి రాలుతుంది.

ఇప్పుడు విషయం ఏమిటంటే, మా చిన్నాన్న కొడుకు ఎనిమిదేళ్ళుగా మాడ్రిడ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. సెలవుల్లో అండలూసియా వైపు వెళ్ళి అక్కడి ప్రభు కుటుంబాలు బాగుచేయించుకున్న పల్లె భవనాలను చూసి వచ్చాడు. మన ఇంటిని కూడా అలాగే తీర్చిదిద్దుదామనీ, ఖర్చులో ఎక్కువ భాగం తానే పెట్టుకుంటాననీ అంటున్నాడు. మల్లెపువ్వులాంటి తెల్లటి గోడలు, నడుము ఎత్తు వరకు రంగురంగుల పింగాణీ పలకలు, ఇనుప జాలీల కిటికీలు, తొట్టి చుట్టూ ఎర్రటి పూల కుండీలు అతని మనసులో ఉన్నాయి. అతనికి ఆ ఇంటి మీద నాకున్నంత ప్రేమ ఉంది, ఆ మాట ముందే చెప్పాలి. అయినా ఫొటోలు చూసినప్పుడల్లా నాకు ఏదో వెలితి తోస్తుంది, అదేమిటో మాటల్లో పెట్టలేకపోతున్నాను. అక్కడివారు నిజంగా ఏ వరుసలో, ఏ ఆలోచనతో ఆ ఇళ్ళను నిలబెట్టుకున్నారు? అందులో మన ఇంటికి, మన వానకు, మన ఎండకు పనికివచ్చేది ఎంత? తెలిసినవారు దయచేసి వివరంగా రాయగలరు.

జవాబు: స్వర్ణముఖి ఒడ్డు (తిరుపతి)

అన్నా, నమస్కారం. నేను పాత కట్టడాల పరిరక్షణ మీద రెండేళ్ళు అండలూసియాలోని సెవిల్ నగరంలో చదువుకుని, ఇప్పుడు తిరుపతిలో అదే పని చేసుకుంటున్నాను. మీ తమ్ముడు చూసి వచ్చిన రకపు ఇళ్ళలో కొలతలు తీసుకుంటూ, గోడలు తడుముతూ చాలా రోజులు గడిపాను కాబట్టి కొంచెం ఎక్కువగానే రాస్తాను.

ముందుగా ఆ ఇళ్ళు ఏమిటో చూద్దాం. అండలూసియాలో ధాన్యం, పశువులు ప్రధానంగా ఉన్న భూముల నడుమ కట్టిన పెద్ద ఇంటిని కొర్తీహో అంటారు. సెవిల్ చుట్టుపక్కల ఒలీవ తోటల మధ్య ఉన్నదాన్ని అసియెండా అంటారు. వాయవ్యాన గలీసియాలో పాసో అనే రాతి ఇళ్ళు ఉంటాయి. టొలెడో పట్టణానికి ఎదుట, తాహో నదికి ఆవలి గట్టున కొండ వాలులో ఉన్న తోట ఇళ్ళకు సిగర్రాల్ అని పేరు. పేర్లు వేరైనా వీటన్నింటిలో ఒకటే పోలిక: అవి పొలం పని కోసం పుట్టిన ఇళ్ళు. యజమాని గదులు ఒక పక్కన ఉంటే, పాలేర్ల గదులు, పశువుల కొట్టాలు, ధాన్యపు కొట్లు, నూనె గానుగ మరొక వాకిలి చుట్టూ ఉంటాయి.

సెవిల్ దగ్గరి అసియెండాలలో చాలావాటికి ఒక మూలన చతురస్రపు బురుజు ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు నేను దాన్ని ఠీవి కోసం కట్టిన గోపురమనే అనుకున్నాను. లోపలికి వెళ్ళి చూస్తే అది నూనె గానుగలో ఒక భాగమని తెలిసింది. ఒలీవ ముద్దను నొక్కడానికి చాలా పొడవైన దూలాన్ని వాడేవారు. దాని ఒక కొన గోడలో ఇరికి ఉంటుంది. రెండవ కొనకు మరమేకు బిగించి, దానికి పెద్ద రాతి గుండు వేలాడదీసి కిందికి లాగితే, గోడలో ఉన్న కొన పైకి ఎగదన్నుతుంది. ఆ ఎగదన్నే బలాన్ని అణచిపెట్టడానికి సరిగ్గా దాని నెత్తిన అంత బరువైన కట్టడాన్ని నిలిపారు, అదే ఆ బురుజు. ఇవాళ కొత్తగా కట్టే 'స్పానిష్ విల్లా'లకు అలంకారం కోసం ఒక బురుజు తగిలిస్తున్నారు, దాని కింద దూలమూ లేదు, గానుగా లేదు. ఫొటోలు చూసినప్పుడు మీకు తోచిన వెలితి ఇదేనేమో ఆలోచించండి. మీ ఇంట్లో ఆ బురుజుతో సమానమైనవి ఉత్తరపు గదిలోని గరిసెలు, నడుమ ఉన్న తొట్టి. వాటిని పక్కకు తోసి పింగాణీ పలకలతో మొదలుపెడితే ఇంటి కథ తలకిందులు అవుతుంది.

రెండవ సంగతి లోపలి అలంకరణ. ఆ ప్రభువులు ఏడాదిలో చాలా నెలలు సెవిల్‌లోనో మాడ్రిడ్‌లోనో ఉండి, కోతలకో వేటకో పల్లెకు వచ్చేవారు. అందుకని పల్లె ఇంట్లో సరంజామా తక్కువ. సున్నం కొట్టిన గోడలు, కాల్చిన మట్టి బిళ్ళల నేల, ఎస్పార్తో గడ్డితో అల్లిన చాపలు, వాల్‌నట్ చెక్క పెట్టె ఒకటి, కిటికీకి కమ్మరి చేసిన ఇనుప జాలీ, గోడ మీద పెద్దల చిత్రపటాలు. బాగుచేయించినవారిలో వివేకం ఉన్నవారు ఆ ఖాళీతనాన్ని అలాగే ఉంచారు. గది నిండా వస్తువులు పేర్చిన చోట్ల కూడా నేను పని చేశాను. అక్కడ చూపు దేని మీదా నిలవదు.

ఇక వారసత్వం. మీ ఏడుగురి సమస్య వారికీ ఉంది. పూర్వం అక్కడ మయొరాస్గో అనే ఏర్పాటు ఉండేది. దాని ప్రకారం ఎస్టేటు ముక్కలు కాకుండా, అమ్మే వీలు లేకుండా, సాధారణంగా పెద్ద కొడుకుకే దక్కేది. 1820లో చేసిన చట్టం దాన్ని రద్దు చేసింది. మధ్యలో రాజరికం దాన్ని తిరిగి నిలబెట్టినా, 1836లో రద్దు మళ్ళీ అమలులోకి వచ్చింది. అక్కడి నుంచి భూములు పంచుకోవడం, అమ్ముకోవడం మొదలై, నిర్వహణ ఖర్చు భరించలేక ఎన్నో ఇళ్ళు పాడుపడ్డాయి. ఇరవయ్యవ శతాబ్దంలో వాటిని నిలబెట్టాలనుకున్న కొన్ని కుటుంబాలు ఇంటిని వ్యక్తుల పేరు మీద కాక ఒక ఫౌండేషన్ పేరు మీద పెట్టాయి. మెదీనా సిదోనియా 21వ డచెస్ లూయిసా ఇసబెల్ ఆల్వారెస్ దె తొలేదో 1990లో అలాగే చేశారు. గ్వాదల్కివీర్ నది సముద్రంలో కలిసే చోట, సాన్లూకర్ దె బర్రామేదాలో ఉన్న తమ పూర్వీకుల భవనంలోనే ఆమె నివసించి, శతాబ్దాల నాటి కుటుంబ పత్రాలను ఏళ్ళ తరబడి తానే కూర్చుని వర్గీకరించారు. 2008లో ఆమె మరణించిన తరువాత కూడా ఆ పత్రాలు అక్కడే ఉన్నాయి, భవనంలో కొన్ని గదులను అతిథులకు అద్దెకు ఇస్తున్నారు. నా దృష్టిలో అసలైన పునరుద్ధరణ అంటే అది. ఇంట్లో ఒక పని జరగాలి, ఆ పని ఇంటిని పోషించాలి.

గలీసియాలోని పాసో దె ఓకా కూడా చెప్పుకోదగినది. అక్కడి తోటలో రెండు కొలనులు ఉన్నాయి. వాటి మధ్య గట్టు మీద నడిచే దారి, ఒక కొలనులో రాతితో చెక్కిన పడవ, ఆ పడవలో నాటిన పూల మొక్కలు. చూడడానికి అంతా విలాసమే. కానీ నీటి మరలు కూడా ఆ ప్రాంగణంలో భాగమే. విలాసానికీ పనికీ ఒకే నీరు.

చట్టం సంగతి కూడా మీ తమ్ముడికి చెప్పండి. 1985 నాటి స్పెయిన్ చారిత్రక వారసత్వ చట్టం ప్రకారం, రక్షిత కట్టడాన్ని బాగుచేసేటప్పుడు లేనిదాన్ని ఊహించి తిరిగి కట్టకూడదు. నిలబెట్టడానికి తప్పనిసరై కొత్త భాగం చేర్చవలసి వస్తే, అది కొత్తదని గుర్తుపట్టేలా ఉండాలి, పాతదాన్ని అనుకరించి చూసేవారిని భ్రమింపజేయకూడదు. వేర్వేరు కాలాలలో చేరిన భాగాలను కూడా గౌరవించాలి. అంతేకాదు, అలాంటి కట్టడం ఉన్న యజమాని నెలకు కనీసం నాలుగు రోజులు ప్రజలు చూడడానికి అనుమతించాలి. మీ ఇంటికి ఆ చట్టం వర్తించదు, కానీ అందులోని మొదటి సూత్రం ఎవరి ఇంటికైనా వర్తిస్తుంది.

ఆ సూత్రం ఎందుకు పుట్టిందో తెలియాలంటే టొలెడోలోని 'ఎల్ గ్రెకో ఇల్లు' చూడాలి. వేగా ఇంక్లాన్ మార్క్వెస్ అనే ప్రభువు శిథిలమైన పాత ఇళ్ళను కొని, బాగుచేయించి, ఆ కాలపు వస్తువులను అక్కడక్కడి నుంచి తెచ్చి అమర్చి, 1911లో చిత్రకారుడు ఎల్ గ్రెకో పేరిట మ్యూజియంగా తెరిచారు. స్పెయిన్‌లో పాత కట్టడాలను విడిదులుగా మార్చే పారదోర్ హోటళ్ళకు దారి వేసింది కూడా ఆయనే. మొదటిది మాత్రం కొత్తగా కట్టినదే, 1928లో గ్రెదోస్ కొండల్లో తెరుచుకుంది. ఆయన చేసిన మేలు చాలా పెద్దది. కానీ ఎల్ గ్రెకో ఆ ఇంట్లో ఎన్నడూ నివసించలేదు. చూడడానికి వచ్చేవారు మాత్రం ఆ మంచం, ఆ కుర్చీ ఆయనవేనని నమ్మేవారు. మీ పడసాలలో సెవిల్ పలకలు అతికిస్తే మీ మనుమలు ముత్తాత స్పెయిన్ వెళ్ళి వచ్చాడని అనుకుంటారు.

పలకల గురించి చివరి మాట. సెవిల్ ఇళ్ళలో గోడ కింది భాగానికి అసులేహో అనే పింగాణీ పలకలు వేయడం అందానికి మాత్రమే కాదు. మనుషులు ఆనుకునే చోట సున్నం రాలకుండా, పాత్రలు తగిలినా దెబ్బతినకుండా ఉంటుంది, వేసవిలో చల్లగా ఉంటుంది. అయితే మీ గోడ ఇప్పటికే నేల నుంచి తేమ పీలుస్తోంది. దాని మీద సిమెంటుతో పలకలు అతికిస్తే ఆ తేమ బయటికి రాలేక మరింత పైకి ఎక్కుతుంది. వద్దు.

జవాబు: గచ్చు మేస్త్రి కొడుకు (చిత్తూరు)

నాయనా, నేను ఇంజనీరుగా పని చేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. మా నాయన సున్నపు మేస్త్రి. కాబట్టి ఈ రెండు చదువులూ నాకు కొద్దికొద్దిగా వచ్చు. పైన రాసిన అమ్మాయి చెప్పినదంతా సబబుగా ఉంది. పని వరుస మాత్రం నేను చెబుతాను.

రంగు గురించి, కుండీల గురించి ఒక ఏడాది మాట్లాడకండి. మొదటి పని పైకప్పు మీద నీళ్ళు నిలవకుండా చేయడం. రెండవది తొట్టిలో పడిన నీరు బయటికి పోయే తూము తెరిచి ఉన్నదా లేదా చూడడం. పాత ఇళ్ళలో ఆ తూము వీధి కాలువలోకో పెరటి చెట్టుకో పోతుంది. వీధికి సిమెంటు రోడ్డు వేసి మట్టం పెంచిన తరువాత చాలా ఊళ్ళలో అవి పూడుకుపోయాయి, ఇంటి పునాదులు ఏడాది పొడుగునా నానుతున్నాయి. మీ ఉత్తరపు గోడ ఉప్పు అక్కడి నుంచే వస్తున్నదని నా గట్టి అనుమానం. గడ్డపార తీసుకుని ఆ తూము వెంబడి తవ్వి చూడండి.

ఉప్పు ఎందుకు వస్తుందో చెప్పాలి. మట్టి, ఇటుక, సున్నం కలిసిన గోడ నేల నుంచి నీటిని పీలుస్తుంది, గాలి తగిలితే ఆరబెట్టుకుంటుంది. సున్నపు పూత ఉన్నంత కాలం ఆ ఆవిరి పూత గుండా బయటికి పోతూ ఉంటుంది. సిమెంటు పూత వేస్తే ఆ దారి మూసుకుపోతుంది. లోపల చిక్కుకున్న నీటిలోని లవణాలు పూత వెనుక గడ్డకట్టి స్ఫటికాలై, దాన్ని వెనుక నుంచి తోస్తాయి. మీరు విన్న డొల్ల శబ్దం అదే. మీ కాంట్రాక్టరు మోసం చేశాడని నేను అనను. ఆ కాలంలో అందరమూ అదే చేశాము, నేను కూడా రెండు పాత కచేరీ గోడలకు సిమెంటు పూయించాను, ఇప్పటికీ అటుగా పోయినప్పుడు తల పక్కకు తిప్పుకుంటాను.

ఆ పూతను చేతి ఉలితో, చిన్న సుత్తితో మాత్రమే ఊడదీయించండి. మిషను పెడితే దాని అదురుకు వెనుక ఉన్న పాత ఇటుక నలిగిపోతుంది. ఊడదీసిన తరువాత గోడను ఒక వేసవి పొడుగునా అలాగే వదిలేయండి. పైకి వచ్చిన ఉప్పును పొడి కుంచెతో దులపాలి, నీళ్ళతో కడగకూడదు, కడిగితే అది మళ్ళీ లోపలికే పోతుంది.

సున్నం సంగతి. సున్నపు రాయిని దాదాపు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు పోయి రాతి సున్నం మిగులుతుంది. దానికి నీళ్ళు పోస్తే కుతకుత ఉడికి వెన్నలా అవుతుంది. గోడకు పూసిన తరువాత గాలిలోని అదే వాయువును నెమ్మదిగా తిరిగి పీల్చుకుని మళ్ళీ రాయి అవుతుంది. ఆ నెమ్మదితనానికి ఓపిక పట్టాలి. మా నాయన సున్నాన్ని గుంతలో నెల రోజులకు తక్కువ కాకుండా నానబెట్టేవాడు. పక్కన కుండలో నలగ్గొట్టిన కరక్కాయ, బెల్లం నీళ్ళలో వేసి పులవనిచ్చేవాడు. మూత తీసినప్పుడు వచ్చే ఆ పులిసిన తీపి వాసన ముక్కుకు తగిలితే తప్ప 'ఇంకా కాలేదురా' అనేవాడు. ఆ నీళ్ళు పోసి, ఇసుక కలిపి, ఎద్దు గానుగలో రాతి చక్రం కింద మెత్తగా నూరిన గచ్చును బెత్తెడు వెడల్పు కర్రతో గోడకు కొడుతూ పూసేవారు. ఇప్పుడు ఎద్దు లేదు, మోటారు గానుగ దొరికితే చాలు. పూసిన తరువాత తడి గోనెలు కప్పి రోజుల తరబడి తేమ ఆరకుండా చూడాలి.

మన జిల్లాకు ఆశ్వయుజ, కార్తీక మాసాల వానే పెద్ద వాన. ఆ కాలంలో సున్నపు పని పెట్టుకుంటే ఆరదు, నడి వేసవి ఎండలో పెట్టుకుంటే పగులుతుంది. సంక్రాంతి నుంచి శివరాత్రి దాటే వరకు సరైన సమయం. సెవిల్‌లో వేసవి వేడి మనలాంటిదే అయినా ఆ వేసవిలో అక్కడ వాన చుక్క అరుదు. అక్కడి తెల్ల గోడను చూసి మన బయటి గోడకు తెలుపు వేస్తే, రెండు కార్తీకాలకు నల్లటి పాచి చారలు పడతాయి. ఏటేటా సున్నం కొట్టే ఓపిక ఉంటేనే తెలుపు వేయండి. అక్కడ కూడా ఏటేటా కొడతారని విన్నాను.

పైకప్పు మద్రాసు టెర్రస్ పద్ధతి అయి ఉండాలి. దగ్గర దగ్గరగా టేకు దంతెలు పరిచి, వాటి మీద సన్న ఇటుకలను నిలువుగా, ఏటవాలుగా సున్నంతో పేర్చి, పైన ఇటుక జల్లి గచ్చు దిమ్మిస కొట్టి ఉంటారు. అలాంటి కప్పులో దంతె నడుమ చెడదు, గోడలోకి దూరిన కొన చెడుతుంది. స్క్రూడ్రైవరుతో కొనను పొడిచి చూడండి, దిగబడితే ఆ కొన మేరకు కోసి కొత్త టేకు ముక్క జోడించవచ్చు, దంతె మొత్తం మార్చనక్కరలేదు. ఆ జోడింపు మీద తేదీ చెక్కించండి, అమ్మాయి చెప్పిన సూత్రం కూడా నెరవేరుతుంది. చెక్కడపు తలుపులకు మరమ్మతు కావాలంటే ఏర్పేడు దగ్గర మాధవమాలలో పనివాళ్ళున్నారు.

పని మొదలుపెట్టే ముందు మేస్త్రిని వెంటబెట్టుకుని ఒక పూట చంద్రగిరికి వెళ్ళండి. విజయనగర రాజుల నాటి రాజమహల్ మూడంతస్తుల కట్టడం. అందులో చెక్క వాడకుండా రాయి, ఇటుక, సున్నంతోనే కమానులు తిప్పి అంతస్తులు నిలబెట్టారు. మ్యూజియం చూడడం తరువాత సంగతి, మేస్త్రిని ఆ కమానుల కింద నిలబెట్టి కాసేపు తల పైకెత్తి చూడమనండి. సున్నం మీద నమ్మకం లేని మేస్త్రి గచ్చులో రహస్యంగా సిమెంటు కలుపుతాడు, అది నేను చాలాసార్లు పట్టుకున్నాను.

జవాబు: పుంగనూరు వీధి

పైవారు ఇంటి గురించి చెప్పారు, నేను కాగితాల గురించి మాత్రం చెబుతాను. మాకూ ఇలాంటి ఇల్లు ఉండేది. 1948 చట్టంతో జమీందారీలు రద్దయిన తరువాత శిస్తు ఆదాయం పోయి, పెద్దల కాలంలోనే మరమ్మతులు ఆగిపోయాయి. అయినా ఇల్లు వాన వల్ల కూలలేదు. మా అన్నదమ్ములలో ఒకరు డబ్బు పెట్టి బాగుచేయించడం మొదలుపెట్టగా, సగం పని అయిన తరువాత 'ఖర్చు పెట్టినవాడికి ఎక్కువ వాటా' అనే మాట వచ్చి, ఆ మాట కోర్టు దాకా పోయి, పైకప్పు తీసిన గదులు పదకొండేళ్ళు వానలో తడిసి కూలాయి. మీ తమ్ముడి మనసు మంచిదే కావచ్చు. అతను పెట్టే డబ్బు బహుమతియా, అప్పా, వాటాయా అన్నది ఏడుగురూ సంతకాలు పెట్టి రిజిస్టరు చేసుకున్న తరువాతే మొదటి ఇటుకను కదపండి. తోట ఆదాయంలో ఏటా ఎంత భాగం ఇంటి మరమ్మతుకు పక్కన పెట్టాలో కూడా అందులోనే రాయండి. తోతాపురి ధర ఒక్కో ఏడు ఎలా పడిపోతుందో మీకు నేను చెప్పనక్కరలేదు, కాబట్టి దాన్ని రూపాయలలో కాక వంతుగా రాసుకోవడం మేలు.

జవాబు: కలం చేయి (శ్రీకాళహస్తి)

అన్నగారూ, మేము కలంకారీ పనివాళ్ళం. మేస్త్రి కొడుకు గారు రాసిన కరక్కాయ, బెల్లం మాట చదివి ఉండబట్టలేక రాస్తున్నాను. మా పని కూడా ఆ రెండింటితోనే మొదలవుతుంది. బట్టను కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో తడిపి ఆరబెడతాము. పాలలోని కొవ్వు వల్ల రంగు బట్ట మీద పాకదు. తుప్పు ఇనుము, బెల్లం, నీళ్ళు కుండలో వేసి వారాల తరబడి ఊరబెట్టినదాన్ని కసిం అంటాము. వెదురు పుల్ల కొనకు ఉన్ని చుట్టి, దారం కట్టిన కలాన్ని అందులో ముంచి గీస్తే, గీత మొదట నీళ్ళలా పలచగా ఉండి, బట్టలోని కరక్కాయ తగలగానే కళ్ళ ముందే నల్లబడుతుంది. పటిక రాసిన చోట ఎరుపు పట్టుకుంటుంది. ఇంటి గోడకూ, గోడ మీది బట్టకూ ఒకే కాయ, ఒకే బెల్లం అన్నమాట. మీ ఇంటికి వేరే దేశపు పలకలు ఎందుకని నాకు అనిపించింది.

స్పెయిన్‌తో సంబంధం కావాలంటే అది బట్టలోనే ఉంది. మన దేశపు అద్దకం నూలు బట్టలు యూరప్‌లో ఎంత మోజు పుట్టించాయంటే, పద్ధెనిమిదవ శతాబ్దంలో బార్సిలోనాలో వాటిని పోలిన అచ్చు బట్టల కర్మాగారాలు వెలిశాయి. ఆ బట్టలను అక్కడివారు 'ఇందియానాస్' అనే పిలిచేవారు. మీ తమ్ముడికి ఈ సంగతి చెప్పి చూడండి.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఈ రంగులు చెట్ల నుంచి, వేర్ల నుంచి తీసినవి. తొట్టి మీదుగా ఎండ నేరుగా పడే గోడకు వేలాడదీస్తే కొన్నేళ్ళకు పసుపు ముందు వెలిసిపోతుంది, దాంతో నీలం మీద పసుపు వేసి తెచ్చిన ఆకుపచ్చ పోయి ఉత్త నీలమే మిగులుతుంది. తేమ గోడకు అద్దపు చట్రంలో బిగిస్తే లోపల బూజు పడుతుంది. పడసాలలో ఎండ తగలని ఒక్క గోడకు, గోడకు అంటకుండా కర్ర మీద వేలాడదీసిన ఒక్క పెద్ద బట్ట చాలు. సెవిల్‌లో చదివిన అక్క చెప్పిన ఖాళీతనం నాకు బాగా నచ్చింది. ఒక్క బట్ట ఉంటేనే దాని ముందు మనిషి ఆగుతాడు.

జవాబు: స్వర్ణముఖి ఒడ్డు (తిరుపతి)

మేస్త్రి కొడుకు గారికి నమస్కారాలు. మీరు విన్నది నిజమే, ఏటేటా సున్నం కొట్టడం అక్కడ పల్లె ఇళ్ళలో ఇంటిల్లిపాది పని. సెవిల్ ప్రాంతంలో మొరోన్ దె లా ఫ్రంతేరా అనే ఊరు సున్నపు బట్టీలకు పేరుపొందింది. సిమెంటు వచ్చి ఆ బట్టీలు మూతపడుతున్న సమయంలో అక్కడివారు ఆ పనిని తిరిగి నిలబెట్టారు, ఆ ప్రయత్నాన్ని యునెస్కో 2011లో ఆదర్శప్రాయమైన పరిరక్షణ పద్ధతుల పట్టికలో చేర్చింది. అక్కడి ప్రభువుల ఇళ్ళు నిలబడ్డాయంటే, వాటి వెనుక ఆ బట్టీల దగ్గర ఆవిరిలో నిలబడిన మనుషులు ఉన్నారు. అన్నా, మీ ఖర్చులో మొదటి వాటా మేస్త్రికీ అతని దగ్గర నేర్చుకునే కుర్రవాడికీ పోవాలని నా కోరిక. సీజను మొత్తానికి ఒక కుర్రవాణ్ణి జీతం ఇచ్చి పెట్టండి, తరువాత మరమ్మతులకు అతనే వస్తాడు.

కుండీల విషయంలో నేను మీ తమ్ముడి పక్షం. కోర్డోబాలోని వియానా భవనంలో పన్నెండు పాతియోలు, అంటే పన్నెండు తొట్లు ఉన్నాయి. ఒక్కొక్కదానిలో నీరు, నీడ, మొక్క కలిసి ఇంటిని చల్లబరుస్తాయి. ఊళ్ళోని మామూలు ఇళ్ళవారు కూడా తమ పాతియోలను పూలతో అలంకరించి మే నెలలో అందరికీ తెరిచి చూపే వేడుకకు 2012లో యునెస్కో గుర్తింపు వచ్చింది. మీ తొట్టి చుట్టూ మట్టి కుండీలు పెట్టుకోండి, కనకాంబరం, మరువం, దవనం వేసుకోండి. తులసికోట ఉన్న చోటు మాత్రం కదపవద్దు.

ప్రశ్న అడిగినవారు: తోతాపురి తోట (కార్వేటినగరం దగ్గర)

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఇన్ని రోజులు జవాబు రాయకపోవడానికి కారణం, ముందు మీరు చెప్పిన రెండు పనులు చేసి చూద్దామనుకోవడమే.

తూము తవ్వాము. గచ్చు మేస్త్రి కొడుకు గారి అనుమానం అక్షరాలా నిజమైంది. రోడ్డు కింద మూరెడు లోతున రాతి తూము మూతి మట్టితో పూర్తిగా పూడి ఉంది. పంచాయతీ వారితో మాట్లాడి, ప్రస్తుతానికి నీటిని పెరటి వైపు చింతచెట్టుకు మళ్ళించాము. ఏడుగురిలో అయిదుగురం ఒప్పందపు చిత్తుప్రతి మీద సంతకం చేశాము, మిగిలిన ఇద్దరు అక్కలు దసరాకు వచ్చినప్పుడు చేస్తారు. తమ్ముడు తన డబ్బును వాటా కాదని, అవ్వ పేరు మీద ఇస్తున్నదని స్వయంగా రాసి పంపాడు.

పోయిన ఆదివారం మేస్త్రి ఉత్తరపు గోడ మీద గజం మేర సిమెంటు పూతను చేతి ఉలితో ఊడదీశాడు. వెనుక పాత గచ్చు చాలా మటుకు గట్టిగానే ఉంది, గోటితో గీస్తే గీత పడలేదు. నేల నుంచి మోకాలు దాటి ఎత్తు వరకు దాని మీద ఎర్రటి పట్టీ, ఆ పట్టీ పై అంచున సన్నటి తెల్ల గీత కనిపించాయి. జాజు పూత. మా అవ్వ అరుగు అంచులకు పూసే జాజే, గోడ పొడుగునా ఉండేదన్నమాట. నేను పుట్టక ముందే ఎవరో దాని మీద నీలం సున్నం కొట్టి ఉంటారు.

వీడియోలో తమ్ముడికి చూపించాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత, సెవిల్ పల్లెల్లో కూడా పలకలు వేయని ఇళ్ళకు గోడ అడుగున ఇదే ఎర్రమట్టి రంగు పట్టీ వేస్తారనీ, దాన్ని ఆల్మాగ్రా అంటారనీ, ఆ ఫొటోలు కూడా తన దగ్గర ఉన్నాయి గానీ అవి సాదాగా ఉన్నాయని నాకు పంపలేదనీ చెప్పాడు. పలకల మాట మళ్ళీ ఎత్తలేదు.

సంక్రాంతికి అతను వస్తున్నాడు. అంతలోగా నాకు ఒక సాయం కావాలి. మునుపు జాజును సంతలో గంపల్లో పోసి అమ్మేవారు, ఇప్పుడు అంగళ్ళలో అడిగితే ఎర్ర రంగు పొడి ఇస్తున్నారు, అది నీళ్ళలో వేస్తే గులాబీ రంగుకు తిరుగుతోంది. పుత్తూరు, నగరి, పలమనేరు వైపు నిజమైన జాజురాయి గానీ, తవ్వి తెచ్చి నూరి అమ్మేవారు గానీ ఎవరికైనా తెలిస్తే దయచేసి ఇక్కడ రాయండి. గోడ ముక్క ఒకటి కాగితంలో చుట్టి దగ్గర ఉంచుకున్నాను, రంగు పోల్చి చూసుకుంటాను.